గ్రీజ్ ట్రాప్ ఎవరి డ్యూటీ?

కొత్త హోటల్ ఓపెన్ అయితే మన గ్రూపుల్లో వచ్చే మొదటి ప్రశ్న, బిర్యానీ ఎలా ఉంది? ఆ బిర్యానీ గిన్నెలు కడిగిన నీళ్లు ఎక్కడికి పోతున్నాయని ఎవరూ అడగరు. అడగాలి అంటాను నేను.

మా చెన్నూరు పెన్న ఒడ్డున ఉంటుంది. నది జమ్మలమడుగు, ప్రొద్దుటూరు దాటుకుని మా దగ్గరికి వస్తుంది. ఎవరి కాలువలోంచి ఏం జారినా కిందున్న ఊరికే చేరుతుంది. మేం వదిలింది సిద్ధవటం వైపు పోతుంది.

గ్రీజ్ ట్రాప్ అంటే సింక్‌కీ కాలువకీ మధ్య పెట్టే పెట్టె. లోపల అడ్డపలకలుంటాయి. నీళ్లు అక్కడ కాసేపు ఆగి చల్లారితే నూనె, నెయ్యి, డాల్డా పైకి తేలతాయి, మెతుకులు అడుక్కి దిగుతాయి, మధ్యలోని నీళ్లు బయటికి పోతాయి. మన సీఎస్ భాషలో ఒక బఫర్. ఖాళీ చేయకపోతే ఓవర్‌ఫ్లోనే. పైన జిడ్డు, అడుగున మడ్డి కలిపి లోతులో నాలుగో వంతుకి వస్తే తీసేయాలని లెక్క. బిజీ కిచెన్‌లో చిన్న ట్రాప్ అయితే వారం కూడా ఆగదు.

పనిలో పెద్ద టెక్నాలజీ ఏం లేదు, కంపు ఉంది. పొయ్యిలు ఆర్పాక, నీళ్లు చల్లారనిచ్చి, గడ్డకట్టిన జిడ్డు తోడి డబ్బాలోకి ఎత్తాలి. మడ్డి తీసి, అడ్డపలకలు గీకి, మళ్లీ మంచినీళ్లు నింపి మూత బిగించాలి. ఖాళీగా వదిలేస్తే పొద్దున్నే మొదటి గిన్నెల జిడ్డు నేరుగా కాలువలోకి పోతుంది. షార్ట్‌కట్ ఏంటంటే సలసల కాగే నీళ్లు పోసేయడం. జిడ్డు కరిగి ముందుకు పోతుంది, కొంచెం అవతల పైపులో మళ్లీ గడ్డకడుతుంది. కనపడట్లేదు కాబట్టి క్లీన్ అయిపోయినట్టే! లండన్ వైట్‌చాపెల్ వీధి కింద 2017లో ఇలాంటి గడ్డ ఒకటి బయటపడింది. 250 మీటర్ల పొడవు, 130 టన్నులు.

మన దగ్గర పైపు మూసుకుపోతే ఎవరిని పిలుస్తారు? నా కోపం అంతా ఇక్కడే. డ్రైనేజీలోకి, సెప్టిక్ ట్యాంకులోకి రక్షణ లేకుండా మనిషిని దించకూడదని 2013లోనే చట్టం వచ్చింది. చనిపోతే కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో పుట్టిన మన తెలుగాయన బెజవాడ విల్సన్ ఈ పోరాటానికే 2016లో మెగసెసే అవార్డు అందుకున్నారు. అయినా చావులు ఆగలేదు. మడ్డి గాలి తగలకుండా కుళ్లితే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. మొదట కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. గ్యాస్ ఎక్కువైతే ముక్కు పనిచేయడం మానేస్తుంది. వాసన పోయింది, పర్లేదు అనుకునే టైమే అసలు ప్రమాదం. పెద్ద హోటళ్లకి భూమిలో ఉండే ట్రాపుల్లోకీ అందుకే మనిషి దిగకూడదు.

చిన్న హోటల్ వాళ్లకి ఇదంతా ఎక్కడ కుదురుతుందని మా ఫ్రెండ్స్ వాదిస్తారు. పొయ్యికీ సరుక్కీ కుదిరింది కదా? బజ్జీల బాండ్లీలో మిగిలిన నూనెని కూడా కాలువలో పోయక్కర్లేదు. దాన్ని సేకరించి బయోడీజిల్ చేయించడానికి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018లోనే రూకో అని ఒక కార్యక్రమం పెట్టింది.

ముందు మన మెస్‌లు చూద్దాం. ట్రాప్ చివరిసారి ఎప్పుడు తీశారో గోడ మీద తేదీ రాసుండాలి. తీసే మనిషికి గ్లవ్స్, ఆ పనికి విడిగా డబ్బు ఇవ్వాలి. గిన్నెలు తోమే అక్క జీతంలోనే ఇదీ కలిపేస్తే ఒప్పుకోకూడదు. మన ప్లేటులో మిగిలిన గ్రేవీని సింక్‌లో కాకుండా చెత్తడబ్బాలోకి గీకడం మాత్రం మన డ్యూటీ. మెస్ కమిటీలో ఉన్నవాళ్లు ఈసారి మీటింగ్‌లో పన్నీర్ ముక్కల లెక్క అయ్యాక ఈ తేదీ గురించి కూడా అడగండి.