స్క్రీన్ పెద్దదైతే స్కాన్ బాగా కనిపిస్తుందా?

ఫిల్మ్‌నగర్‌లో సినిమాకి రంగులు దిద్దే డీఐ గది అంటే ఒక చిన్న గుడి లాంటిది. చీకటి, క్యాలిబ్రేట్ చేసిన మానిటర్, దాని ముందు కలరిస్ట్. హీరోయిన్ చీర ఎరుపు ఒక్క ఛాయ మారినా ఒప్పుకోరు. అదే షాట్‌ని పెద్ద తెర మీద వేసి మళ్లీ చూస్తారు, ఎందుకంటే మానిటర్ మీద కుదిరింది తెర మీద కూడా కుదరాలని రూలేం లేదు. ఒక్క పాట కోసం ఇంత!

ఆ పక్కనే జూబ్లీహిల్స్‌లో 1988 నుంచి అపోలో హాస్పిటల్ ఉంది. అక్కడనే కాదు, ఏ పెద్దాసుపత్రిలోనైనా రేడియాలజిస్టు కూర్చునేది కూడా మసక చీకటిలో, ప్రత్యేకమైన మానిటర్ ముందే. తేడా అంతా మనం గేటు దాటి బయటికొచ్చాక మొదలవుతుంది. సీటీ ఫిల్మ్‌ని కిటికీ అద్దానికి ఆనించి, ఫోన్‌తో ఫొటో తీసి, "కొంచెం చూసి చెప్పు బాబాయ్" అని వాట్సాప్‌లో పంపేస్తాం. ఆ బాబాయ్ డాక్టరే కావచ్చు. కానీ ఆయన చూస్తున్నది ఏంటి?

సీటీలో ఒక్కో స్లైస్ మామూలుగా 512×512 పిక్సెళ్లు. ఛాతీ సీటీ అంటే అలాంటివి వందల్లో ఉంటాయి. 4096 బూడిద రంగు మెట్లుంటాయి కాబట్టి ఊపిరితిత్తికి ఒకలా, ఎముకకి ఇంకోలా మార్చుకుంటూ చూస్తారు. ఫొటో తీయగానే ఆ మార్చుకునే వీలు పోయింది. మెట్లు 256కి పడిపోయాయి, మిగిలినదాన్ని వాట్సాప్ పిండేసింది. ఆరంగుళాల స్క్రీన్ మీద వేళ్లతో ఎంత జూమ్ చేసినా పోయింది తిరిగి రాదు.

అలాగని పెద్ద స్క్రీన్ అన్నిటికీ మందు కాదు. నాకు బాగా నచ్చిన విషయం ఇదే. నేల టికెట్‌లో తెరకి ఆనుకుని కూర్చుంటే హీరో మీసం కనిపిస్తుంది, మొహం కనిపించదు కదా! మన కన్ను మరీ సన్నని గీతల్నీ సరిగ్గా పట్టదు, మరీ వెడల్పుగా పరుచుకున్న పల్చటి నీడనీ పట్టదు. ఊపిరితిత్తిలో పొగలా వ్యాపించిన మసకని బాగా పెద్దది చేస్తే కరిగిపోయినట్టు అనిపిస్తుంది. అందుకే రేడియాలజిస్టులు ఒక్కోసారి కుర్చీ వెనక్కి జరుపుకుని, బొమ్మని చిన్నది చేసుకుని మరీ చూస్తారు. సన్నని పగులుకి దగ్గర, పల్చటి నీడకి దూరం. 512 పిక్సెళ్లని ప్రసాద్స్ తెర మీద వేసినా 513వది పుట్టదు.

ఫోన్‌లో చూడటమే తప్పని నేననను. 2011లో అమెరికా ఎఫ్‌డీఏ ఐఫోన్, ఐప్యాడ్‌లలో స్కాన్లు చూసే యాప్‌కి మొదటిసారి అనుమతిచ్చింది. అదీ వర్క్‌స్టేషన్ అందుబాటులో లేనప్పుడు వాడటానికే. గది వెలుతురులో బూడిద ఛాయల మధ్య తేడా కంటికి ఆనుతోందో లేదో చూసుకునే పరీక్ష కూడా అందులో పెట్టారు. అక్కడికెళ్లేది అసలు డేటా, కిటికీ ఫొటో కాదు. కాబట్టి సెకండ్ ఒపీనియన్ కావాలంటే సీడీయో లింకో అడిగి తీసుకోండి. బాబాయ్‌ని లాప్‌టాప్ తెరవమనండి. మొహమాటం దేనికి?

ఇప్పుడు మన సంగతి. ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు ఛాతీ ఎక్స్‌రేలో న్యుమోనియా కనిపెట్టే ప్రాజెక్టు చేస్తారు. డేటాసెట్ డౌన్‌లోడ్, 224×224కి రీసైజ్, రెస్‌నెట్, పోస్టర్ మీద పెద్దక్షరాల్లో యాక్యురసీ. పేరున్న చెక్స్‌నెట్ కూడా 2017లో ఆ సైజుకే కుదించింది, మనం ఆ దారినే నడుస్తున్నాం. లెక్క వేసి చూడండి. 14 అంగుళాల ఎక్స్‌రే అంటే దాదాపు 355 మిల్లీమీటర్లు. 224 పిక్సెళ్లకి పంచితే ఒక్కో పిక్సెల్‌కి 1.6 మిల్లీమీటర్లు. 5 మిల్లీమీటర్ల గడ్డ మూడు పిక్సెళ్లయింది! పెద్ద న్యుమోనియా మచ్చ దొరుకుతుందేమో, ఈ గడ్డ మాత్రం మోడల్ దాకా రానే రాలేదు. బాబాయ్‌కి మనం పంపిన కిటికీ ఫొటోనే, ఇప్పుడు మోడల్‌కి పంపుతున్నాం.

ఈసారి రివ్యూలో నేను అడగబోయే మొదటి ప్రశ్న యాక్యురసీ ఎంత అని కాదు. ఇమేజ్ సైజ్ ఎంత, దాన్ని ఎవరు తేల్చారు, ఒరిజినల్ ఎంత ఉండేది? వైవాలో గైడ్ అడగకపోతే మనమే ఒకళ్లనొకళ్లం అడుగుదాం.