టికెట్ కొన్నాక ‘పనులు జరుగుతున్నాయి’ బోర్డు కనిపిస్తే..? సీజన్‌లో మరమ్మతులపై సందర్శకుడు అడగాల్సినవి ఇవీ

రాజాం నుంచి పిల్లలతో విశాఖ బయలుదేరారనుకోండి. ఊళ్లో రైల్వే స్టేషన్ లేదు కాబట్టి తెల్లవారకముందే ఆర్టీసీ కాంప్లెక్స్‌కు చేరాలి, లేదంటే చీపురుపల్లి వెళ్లి రైలెక్కాలి. సుమారు వంద కిలోమీటర్ల ప్రయాణం. అక్కడి నుంచి ఆటో, ఆపై టికెట్ల క్యూ. తీరా లోపలికి వెళ్లాక పిల్లలు ఏది చూడాలని వచ్చారో సరిగ్గా దాని ముందే రేకులు అడ్డంగా కట్టి, ‘మరమ్మతులు జరుగుతున్నవి, సహకరించగలరు’ అనే బోర్డు ఉంటుంది. టికెట్ ధర మాత్రం మారదు.

పార్కు కావచ్చు, రోప్‌వే కావచ్చు, బీచ్ కావచ్చు, గుడి కావచ్చు. ఇలాంటి చోట సందర్శకుల నోట వినిపించేవి ప్రధానంగా మూడే మాటలు. ఒకటి, ‘ముందే ఎందుకు చెప్పలేదు?’ రెండు, ‘సగం మూసేసి పూర్తి డబ్బులు ఎందుకు తీసుకున్నారు?’ మూడు, ‘పనులు మంచివే, కానీ జనం వచ్చే రోజుల్లోనే చేయాలా?’

ఈ మూడూ వేర్వేరు ప్రశ్నలు. వీటికి సమాధానాలు కూడా వేర్వేరుగానే ఉంటాయి. ఒక్కొక్కటిగా చూద్దాం.

సీజన్‌లోనే పనులు ఎందుకు?

అధికారుల నిర్లక్ష్యం ఒక్కటే కారణం అనుకుంటే పొరపాటు. ఉత్తరాంధ్రలో వాతావరణం కూడా ఒక కారణం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు. అక్టోబరు, నవంబరు నెలలు తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను, 2018 అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళాన్ని దెబ్బతీసింది ఆ నెలలోనే. అంటే సిమెంటు పనికి, రంగులకు, కొండపై రోడ్లకు అనువైన పొడి కాలం డిసెంబరు నుంచి మే వరకే.

జనం కదిలేదీ అప్పుడే. సంక్రాంతి సెలవులు, అరసవల్లి రథసప్తమి, మహాశివరాత్రి, రామతీర్థం శ్రీరామనవమి, సింహాచలం చందనోత్సవం, బడుల వేసవి సెలవులు అన్నీ ఆ ఆరు నెలల్లోనే వస్తాయి. పని చేయడానికి మంచి కాలం, జనం వచ్చే కాలం ఒకటే కావడం మన ప్రాంతంలో ఉన్న అసలు చిక్కు.

రెండో కారణం లెక్కలు. ప్రభుత్వ ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. ఆ లోపు ఖర్చు చేయని నిధులు వెనక్కి పోతాయన్న తొందర ఉంటుంది. అంచనాలు, టెండరు, ఒప్పందం పూర్తయ్యేసరికి నెలలు గడిచి, పని జనవరిలోనో ఫిబ్రవరిలోనో మొదలవుతుంది.

మూడో కారణం అన్నిటికన్నా ప్రమాదకరమైనది. ‘పండగ నాటికి పూర్తి చేయాలి’ అని పెట్టుకునే గడువు.

ఆ గడువు ఎంత దూరం తీసుకెళ్తుంది?

2025 ఏప్రిల్ 30న సింహాచలంలో జరిగింది గుర్తుండే ఉంటుంది. ఏడాదికి ఒక్కరోజే దొరికే అప్పన్న నిజరూప దర్శనం కోసం అర్ధరాత్రి నుంచే క్యూలు నిండాయి. తెల్లవారకముందు భారీ వాన కురిసింది. రూ.300 టికెట్ క్యూలైన్ పక్కనున్న గోడ కూలి ఏడుగురు చనిపోయారు. అది పాతబడి కూలిన గోడ కాదు. కేంద్రం ‘ప్రసాద్’ పథకం కింద సాగుతున్న అభివృద్ధి పనుల్లో భాగంగా, ఉత్సవానికి కొద్ది రోజుల ముందే కట్టిన గోడ. రాష్ట్ర ప్రభుత్వం ముగ్గురు సభ్యుల కమిటీతో విచారణ జరిపించి, ప్రాథమిక నివేదిక ఆధారంగా అధికారులను సస్పెండ్ చేసింది.

అదే ఏడాది నవంబరు 1న, కార్తీక ఏకాదశి శనివారం, కాశీబుగ్గలోని వేంకటేశ్వరస్వామి ఆలయంలో తొక్కిసలాట జరిగి ప్రాణాలు పోయాయి. అది ప్రైవేటు వ్యక్తులు నడిపే ఆలయం. రాకపోకలకు ఒకే దారి ఉందని, జనం గుమిగూడిన చోట నిర్మాణ పనులు పూర్తి కాలేదని అధికారులు అప్పట్లో చెప్పారు.

ఈ రెండు ఘటనలూ ఒకే విషయం చెబుతున్నాయి. పనులు జరిగే చోటుకు, జనం నడిచే చోటుకు మధ్య దూరం లేకపోతే అసౌకర్యంతో ఆగదు. అందుకే ‘సీజన్‌లో పనులు’ అనేది టికెట్ డబ్బుల గొడవ మాత్రమే కాదు.

అలాగైతే మూసేయడం మంచిదేనా?

చాలాసార్లు మంచిదే. 2019 జులై 14న అహ్మదాబాద్ కాంకరియాలోని వినోద పార్కులో రైడ్ విరిగిపడి ఇద్దరు చనిపోయారు, చాలామంది గాయపడ్డారు. తిరిగే చక్రాన్నీ, కొండపై రోప్‌వేనూ తనిఖీ కోసం ఆపారంటే సందర్శకుడిగా మీరు సంతోషించాలి. ‘ఇంత దూరం వచ్చాం, ఒక్కసారి తిప్పండి’ అని సిబ్బందిపై ఒత్తిడి తేవడం మన ప్రాణాలతో మనమే ఆడుకోవడం.

కాబట్టి అభ్యంతరం పెట్టాల్సింది మూతపై కాదు. మూసే ముందు చెప్పకపోవడంపై, మూసిన దానికి ప్రత్యామ్నాయం చూపకపోవడంపై, మూసిన భాగానికి కూడా రుసుము వసూలు చేయడంపై.

ముందే చెప్పడం సాధ్యమేనా?

సాధ్యమే. దీనికి విదేశీ ఉదాహరణ కావాలంటే టోక్యో డిస్నీల్యాండ్ ఉంది. అక్కడి ‘స్పేస్ మౌంటెన్’ను 2024 జులై 31న మూశారు. కొత్తది 2027లో తెరుస్తామన్నారు. ఈ మార్పు గురించి 2022లోనే ప్రకటించారు. ఏ రైడ్ ఏ తేదీల్లో ఆగుతుందో నెలల ముందే వెబ్‌సైట్‌లో పెడతారు. అమెరికా ఫ్లోరిడాలోని మ్యాజిక్ కింగ్‌డమ్‌లో దశాబ్దాల నాటి నది, పడవ ప్రయాణం 2025 జులై 6తో ముగిశాయి. వేసవి రద్దీలోనే మూయడంపై అభిమానులు గట్టిగానే నొచ్చుకున్నారు. కానీ చివరి రోజు ఏదో ముందే తెలుసు కాబట్టి ఆఖరిసారి ఎక్కాలనుకున్నవాళ్లు ఆ లోపే వెళ్లి ఎక్కారు.

అంత దూరం పోనక్కర్లేదు. మన గుళ్లలో ఈ పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. గర్భాలయంలో పనులు చేయాలంటే ముందు ‘బాలాలయం’ కడతారు. స్వామి అక్కడ కొలువుంటాడు, పూజలు ఆగవు, దర్శనం ఆగదు. యాదాద్రిలో 2016 నుంచి భక్తులు బాలాలయంలోనే లక్ష్మీనరసింహస్వామిని దర్శించుకున్నారు. 2022 మార్చి 28న ప్రధానాలయం తెరుచుకుంది. ఆరేళ్లు పని జరిగినా ‘దర్శనం లేదు’ అని భక్తుణ్ని వెనక్కి పంపాల్సిన అవసరం రాలేదు.

తిరుమలలో బ్రహ్మోత్సవాలకు ముందు పుష్కరిణిని సుమారు నెలపాటు మూసి నీరు తోడి, శుభ్రం చేసి, మరమ్మతులు చేస్తారు. తేదీలు ముందే ప్రకటిస్తారు. పండగ కోసం పనే తప్ప, పండగ రోజుల్లో పని కాదు.

సందర్శకులు అడిగితే నిర్ణయాలు మారతాయా?

మారిన సందర్భాలున్నాయి. తిరుమలలోనే 2018 ఆగస్టులో పన్నెండేళ్లకోసారి జరిగే అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణ వచ్చింది. ఆగస్టు 9 నుంచి 17 వరకు దర్శనం పూర్తిగా నిలిపివేస్తామని టీటీడీ మొదట ప్రకటించింది. భక్తుల నుంచి తీవ్ర అభ్యంతరాలు వచ్చాయి. అన్నేసి రోజులు మూయడం ఎందుకన్న ప్రశ్న రాష్ట్రమంతా వినిపించింది. ప్రభుత్వం జోక్యం చేసుకుంది, టీటీడీ నిర్ణయాన్ని సవరించింది. క్రతువుల మధ్య దొరికే సమయంలో పరిమిత సంఖ్యలో భక్తులను అనుమతించారు. క్రతువు ఆగలేదు, దర్శనమూ పూర్తిగా ఆగలేదు.

ఇంకొకటి మనకు దగ్గరలోనిదే. విశాఖ రుషికొండ బీచ్‌కు 2020లో ‘బ్లూ ఫ్లాగ్’ గుర్తింపు వచ్చింది. నిర్వహణ బాగోలేదని, చెత్త, వీధికుక్కలు ఉన్నాయని ఫొటోలతో సహా డెన్మార్క్‌లోని సంస్థకు ఫిర్యాదులు వెళ్లాయి. 2025 మార్చి మొదట్లో జెండాలు దించాల్సి వచ్చింది. దాంతో యంత్రాంగం కదిలింది. లోపాలు సరిచేశాక అదే నెలలో గుర్తింపు తిరిగి వచ్చింది. కౌంటర్ దగ్గర గట్టిగా అరిచినదానికంటే తేదీ, ఫొటో ఉన్న కాగితం ఎక్కువ పని చేసింది.

చట్టం ఏం చెబుతోంది?

వినియోగదారుల రక్షణ చట్టం–2019 దీనికి ఆధారం. 2020 జులై 20 నుంచి అమల్లో ఉంది. డబ్బు చెల్లించి పొందే సేవ ఈ చట్టం పరిధిలోకి వస్తుంది, ఉచిత సేవ రాదు. టికెట్ లేని బీచ్‌కు, టికెట్ ఉన్న పార్కుకు తేడా ఇక్కడే.

మీకు పనికొచ్చే అంశాలు ఇవీ:

• ప్రకటనలో అన్ని రైడ్లూ చూపించి, లోపల సగం మూసి ఉంటే దాన్ని ‘సేవా లోపం’గా, ‘తప్పుదోవ పట్టించే ప్రకటన’గా ప్రశ్నించవచ్చు. కౌంటర్ దగ్గరే ‘ఇవి పనిచేయవు’ అని స్పష్టంగా రాసి పెట్టి ఉంటే, చూసి కూడా మీరు టికెట్ కొంటే, మీ వాదన బలహీనపడుతుంది.

• ‘డబ్బు వాపసు ఇవ్వబడదు’ అని టికెట్‌పై అచ్చు వేసినంత మాత్రాన అడిగే హక్కు పోదు. లోపమున్న సేవకు డబ్బు తిరిగివ్వడానికి నిరాకరించడాన్ని చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది.

• పార్కు ఏ జిల్లాలో ఉన్నా, మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. రూ.5 లక్షల లోపు విలువకు రుసుము లేదు. గడువు రెండేళ్లు.

• అంత దూరం వెళ్లే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడవచ్చు. చాలా వివాదాలు అక్కడే తేలిపోయే అవకాశం ఉంది.

ఒక మాట నిజాయతీగా చెప్పుకోవాలి. నూట యాభై రూపాయల టికెట్ కోసం కమిషన్ మెట్లెక్కడం ఎవరికైనా బరువే. అందుకే ముందు అక్కడి మేనేజరుకు రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు అడగండి. బోర్డు, టికెట్, మూసిన చోటు ఫొటోలు తీసి పెట్టుకోండి. బస్సు కట్టించుకుని గుంపుగా వెళ్లినవాళ్లు అందరూ కలిసి ఒకే ఫిర్యాదు ఇస్తే దాని బరువు వేరు.

ప్రభుత్వ సంస్థ నడిపే చోటైతే?

కైలాసగిరి వంటివి వీఎంఆర్‌డీఏ చేతిలో, హరిత హోటళ్లు పర్యాటకాభివృద్ధి సంస్థ చేతిలో ఉన్నాయి. వీటికి సమాచార హక్కు చట్టం–2005 వర్తిస్తుంది. రూ.10 రుసుముతో దరఖాస్తు పెడితే 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. ‘ఎందుకు ఆలస్యమైంది’ అని అడిగితే పొడి సమాధానం వస్తుంది. ఇలా అడగండి: పని ఒప్పందం తేదీ ఏది? పూర్తి చేయాల్సిన గడువు ఏది? గడువు పొడిగించారా, ఎన్నిసార్లు? పనులు జరిగే రోజుల్లో సందర్శకుల భద్రతకు చేసిన ఏర్పాట్లు ఏవి? ప్రవేశ రుసుము తగ్గించాలన్న నిర్ణయం ఏమైనా తీసుకున్నారా?

కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ అర్జీ ఇవ్వవచ్చు, 1100కు ఫోన్ చేయవచ్చు. 2022 ఏప్రిల్ 4 నుంచి రాజాం విజయనగరం జిల్లాలో ఉంది. పాత అలవాటుతో శ్రీకాకుళం వెళ్తే ఒక రోజు వృథా.

బయలుదేరే ముందు ఏం చేయాలి?

పిల్లలు ఏది చూడాలని అడుగుతున్నారో దాని పేరు చెప్పి, అది ఆ రోజు నడుస్తుందో లేదో ఫోన్‌లో కనుక్కోండి. ‘పార్కు తెరిచి ఉందా’ అని అడిగితే ‘ఉంది’ అనే చెబుతారు. కౌంటర్ దగ్గర టికెట్ తీసుకునే ముందే ‘ఈ రోజు ఏవేవి మూసి ఉన్నాయి?’ అని అడగండి. ఇక రద్దీ రోజుల్లో, పనులు జరుగుతున్న గోడల పక్కన, పరంజాల కింద, తాత్కాలిక రేకుల పక్కన క్యూ కట్టించారని గమనిస్తే దూరం జరగండి. పిల్లల్ని, పెద్దవాళ్లను అక్కడ నిలబెట్టకండి. వాన పడుతుంటే మరీ ముఖ్యం. క్యూలో మీ వంతు పోయినా ఫర్వాలేదు.

పనులు జరగాల్సిందే. జరగకపోతే రేపు అదే చోట పిల్లలు ఎక్కే రైడ్ విరుగుతుంది. సందర్శకుడు అడగాల్సింది నాలుగే: ఎప్పుడు మూస్తారో ముందే చెప్పండి, ఎప్పుడు తెరుస్తారో తేదీ రాయండి, మూసినదానికి డబ్బు తగ్గించండి, పనికీ జనానికీ మధ్య దూరం ఉంచండి. ఆ నాలుగూ రాసి ఉన్న బోర్డు గేటు దగ్గర కనిపిస్తే, వంద కిలోమీటర్లు వచ్చినవాళ్లు కూడా విసుక్కోకుండా సర్దుకుంటారు.