బందరు రేవు - మడ అడవి

2023వ సంవత్సరమున నూతన ఓడరేవు పనికి పునాది పడినది మొదలు, పూర్వవైభవము మరలి వచ్చునన్న ఆశ బందరు పురజనులలో చిగిర్చినది. ఆ ఆశ మాకును గలదు. కాని ఆ వైభవమెట్లు వచ్చెనో, ఎట్లు పోయెనో విచారింపక ఆశపడుట వివేకము కాదు.

గోలకొండ సుల్తానుల కాలమున మచిలీపట్టణము ఆ రాజ్యమునకు ప్రధానమైన రేవు. 17వ శతాబ్ది ఆరంభమున డచ్చివారును, 1611లో ఇంగ్లీషువారును, 1669లో ఫ్రెంచివారును ఇచ్చట వర్తకశాలలు నెలకొల్పుకొనిరి. వారిని రప్పించినది లోతైన రేవు కాదు. తీరము మెరక యగుటచే పెద్ద ఓడలు దూరమున లంగరు వేయగా పడవలు సరకు మోయవలసి యుండెడిది. మన సాలెవాని మగ్గము, అద్దకపువాని చేయి, ఈ సీమ చిరివేరు ఇచ్చిన ఎరుపు వారిని రప్పించినవి. కలంకారీ వస్త్రములు పారశీకమునకును ఐరోపాకును పోయినవి. వర్తకము పేర వచ్చినవారు కోటకొరకు పోరాడిరి. 1759లో కర్నల్ ఫోర్డు ఫ్రెంచివారినుండి దానిని గైకొనెను. పిమ్మట ఇంగ్లండు మిల్లుబట్ట వచ్చి అద్దకపువాని నోటికాడి కూడు తీసినది. నేటికిని పెడనలో అచ్చుల చప్పుడు వినవచ్చుట ఆ పనివారి పట్టుదల ఫలమే.

మనుష్యులు తీయగా మిగిలినదానిని సముద్రము తీసినది. 1864 నవంబరు 1వ తేది రాత్రి సుమారు 13 అడుగుల ఉప్పెన పట్టణముపైనను చుట్టుపట్ల గ్రామములపైనను బడి, ఇంచుమించు 30,000 మందిని పొట్టబెట్టుకొన్నది. 1977 నవంబరు 19న దివిసీమ ఆ దుఃఖమునే మరల చూచినది. అయినను బందరు చావలేదు. 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలను, 1923లో ఆంధ్రా బ్యాంకును కన్నది ఈ ఊరే.

కృష్ణానది తెచ్చిన ఒండ్రుమట్టియే ఈ తీరమును కట్టినది. ఆ ఒండ్రే రేవును పూడ్చుచుండును. ఆ బురదలో వేళ్లూని ఉప్పునీట నిలుచు మడ అడవి ఈ పల్లపు భూములకు సహజమైన ప్రాకారము. అది ఉప్పెనను పూర్తిగా ఆపునని మేము చెప్పము. అలల వేగమును తగ్గించును, మట్టిని పట్టి యుంచును. రొయ్యపిల్లకును చేపపిల్లకును అదియే పురిటిల్లు. బెస్తవాని బ్రతుకు దానితో ముడివడి యున్నది.

రేవు వలదని మేమనము. రేవు రావలెను. కాని మడను నరికి రేవును కట్టుట, తలుపు పెట్టుటకై గోడను పడగొట్టుట వంటిది. మడ అడవి హద్దులను కొలిచి, రాళ్లు పాతి, ప్రజలకు చూపుడనియు, నరికినచోట తిరిగి నాటింపుడనియు, బెస్తవారికి సముద్రమునకు దారి మూయకుడనియు ప్రభుత్వమువారిని కోరుచున్నాము. మా చదువరులలో రొయ్యల చెరువుల యజమానులు లేకపోలేదు. వారికిని ఒక్క మాట: చెరువు గట్టును జానెడు ముందుకు జరిపి నేడు పొందు లాభమునకు రేపు ఉప్పెన వచ్చిన నాడు వడ్డీతో చెల్లింపవలసి యుండును. ఆ అప్పు తీర్చువారు మన బిడ్డలు.