అచ్చం నగరంలాంటి ఆట.. అందేనా అమీర్‌పేటకు?

అమీర్‌పేట: మైత్రీవనం పరిసరాల్లో జావా, పైథాన్ శిక్షణకు వచ్చే యువత నోట తరగతుల విరామంలో కొంతకాలంగా ఒక ఆట పేరు నానుతోంది. అదే గ్రాండ్ థెఫ్ట్ ఆటో-6 (జీటీఏ-6). 2026 నవంబరు 19న విడుదల చేస్తామని రాక్‌స్టార్ గేమ్స్ 2025 నవంబరులో ప్రకటించిన ఈ వీడియో గేమ్‌పై అంచనాలు రెండు అంశాల చుట్టూ తిరుగుతున్నాయి. దృశ్యాలు ఎంత సహజంగా ఉంటాయన్నది ఒకటి, వెల ఎంతన్నది రెండోది. నిజానికి ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలు కావు. సహజత్వం పెరిగేకొద్దీ ఆట సామాన్య విద్యార్థికి దూరమవుతోంది.

గంటకు పది రూపాయల కాలం

ఇదే వరుసలోని వైస్ సిటీ 2002లో, శాన్ ఆండ్రియాస్ 2004లో వెలువడ్డాయి. కొద్ది నెలల తేడాతో కంప్యూటర్లకూ వచ్చాయి. అప్పట్లో అమీర్‌పేట సందుల్లో ఇంటర్నెట్ కేంద్రాలు కిటకిటలాడేవి. గంటకు పది, ఇరవై రూపాయలు చెల్లిస్తే చాలు, జిల్లాల నుంచి వచ్చిన కుర్రాడు సైతం వైస్ సిటీ వీధుల్లో కారు నడిపేవాడు. సాధారణ కంప్యూటరే ఆ ఆటలకు సరిపోయేది. వాటిలో అధిక భాగం దొంగ సీడీలేనన్నది బహిరంగ రహస్యం. ఏమైనా ఒక తరం తెలుగు యువతకు ఈ ఆట పరిచయమైంది ఆ దారిలోనే.

సహజత్వానికి మూల్యం

కొత్త ఆట లియోనిడా అనే కల్పిత రాష్ట్రంలో, నేటి కాలపు వైస్ సిటీలో సాగుతుంది. జేసన్, లూసియా ప్రధాన పాత్రలు. 2025 మేలో విడుదలైన రెండో ట్రైలర్‌ను ప్లేస్టేషన్-5పైనే చిత్రీకరించామని, అందులో సగం ఆడే దృశ్యాలేనని సంస్థ వెల్లడించింది. సముద్రతీరంలో కిక్కిరిసిన జనం, చెమట పట్టిన చర్మం, గాలికి కదిలే వెంట్రుకలు చూసి అభిమానులు అబ్బురపడ్డారు.

ఆ పని ఎంత భారమో అమీర్‌పేట కూడలిని తలచుకుంటే బోధపడుతుంది. మెట్రో స్తంభాల నీడ, కాలిబాటపై తోపుడు బండ్లు, శిక్షణ కేంద్రాల బోర్డులు, అడ్డదిడ్డంగా దూరే ఆటోలు. ఇందులో ప్రతి మనిషికీ నడక, ప్రతి వెలుగుకూ ప్రతిఫలనం కల్పించాలి. ఆటగాడు అనుకోకుండా ఏ మూలకు వెళ్లినా ఆ లోకం చెదరకూడదు. ఓపెన్ వరల్డ్ ఆటలకు ఏళ్లు పట్టేది అందుకే. ఇదే వరుసలోని జీటీఏ-5 వచ్చింది 2013లో. ఇంతటి గణనను పాత యంత్రాలు మోయలేవు. అందుకే ఆటను ప్లేస్టేషన్-5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్‌లకే ప్రకటించారు.

డాలరు లెక్క, రూపాయి లెక్క

2025 నవంబరులో విడుదల తేదీని మార్చినప్పుడు సంస్థ వెల చెప్పలేదు. దీంతో ఊహాగానాలు చెలరేగాయి. ఆటల వెలను 60 డాలర్ల నుంచి 70కి చేర్చడంలో 2020లో ముందు నిలిచింది రాక్‌స్టార్ మాతృసంస్థ టేక్-టూయే. 2025లో నింటెండో తన మారియో కార్ట్ వరల్డ్‌ను 80 డాలర్లకు అమ్మింది. అదే బాట పట్టబోయిన మైక్రోసాఫ్ట్ మాత్రం విమర్శలతో వెనక్కి తగ్గింది. వంద డాలర్ల మాటా వినిపించింది. చెల్లించే సొమ్ము కంటే పొందే విలువ ఎక్కువగా ఉండాలన్నదే తమ విధానమని టేక్-టూ అధిపతి స్ట్రాస్ జెల్నిక్ పలుమార్లు చెప్పారు.

ఆ విలువను ఎవరి జేబుతో కొలవాలన్నదే ఇక్కడి ప్రశ్న. 80 డాలర్లంటే సుమారు ఏడు వేల రూపాయలు. హాస్టల్‌లో భోజనంతో కలిపి పంచుకునే గదికి ఒక నెల కట్టే సొమ్ముకు దరిదాపు. యంత్రం ఖర్చు దీనికి అదనం. ప్లేస్టేషన్-5 డిస్క్ రకం 2021 ఫిబ్రవరిలో మన దేశంలో రూ.49,990కి వచ్చి, 2022 నవంబరులో రూ.54,990కి చేరింది. చౌకైన ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ సైతం 2020లో రూ.34,990కి వచ్చింది. అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు మెట్రోలో ఒక్క స్టేషనే దూరం. హాస్టల్ గది నుంచి పంజాగుట్ట దుకాణాల అద్దాల వెనుక ఉన్న యంత్రానికి మాత్రం నెలల జీతమంత దూరం.

గంట చొప్పున రుసుము తీసుకొనే గేమింగ్ పార్లర్లు నేడూ ఉన్నాయి. క్రికెట్, ఫుట్‌బాల్ ఆటలకు అవి చక్కగా సరిపోతాయి. పదుల గంటలు సాగే కథకు ఆ మీటరు లెక్క పొసగదు.

కంప్యూటర్ రూపమే ఆశ

గత అనుభవం కొంత ఊరటనిస్తోంది. జీటీఏ-5 కంప్యూటర్లకు 2015 ఏప్రిల్‌లో, అంటే 19 నెలల తరువాత వచ్చింది. 2018లో వచ్చిన రెడ్ డెడ్ రిడెంప్షన్-2 మరుసటి ఏడాది కంప్యూటర్లకు చేరింది. కంప్యూటర్ ఆటలమ్మే స్టీమ్ వంటి అంగళ్లలో దేశానికో వెల నిర్ణయించే వీలు ప్రచురణకర్తలకు ఉంది. జీటీఏ-5 ప్రపంచవ్యాప్తంగా 20 కోట్లకు పైగా అమ్ముడైంది. అంతటి విపణి ఉన్న సంస్థకు భారత్‌లో వెల తగ్గించడం భారమేమీ కాదు. దొంగ ప్రతుల నుంచి కొనుగోలుదారును గెలుచుకునే మార్గమూ అదే.

ఇందులో మరో కోణం ఉంది. రాక్‌స్టార్‌కు బెంగళూరులో స్టూడియో ఉంది. 2019లో ధ్రువ ఇంటరాక్టివ్‌ను కొని అందులో కలుపుకొంది. భారతీయ నిపుణుల చేతులు ఇలాంటి ఆటలకు ఇటుకలు పేరుస్తున్నాయి. అమీర్‌పేటలో కోడింగ్, యానిమేషన్ నేర్చుకునే యువతలోనూ రేపటి ఆట రూపకర్తలు ఉండవచ్చు. ఆడనిదే ఆట నిర్మాణం ఒంటబట్టదు. నాడు పది రూపాయలకు తెరుచుకున్న తలుపు నేడు అరవై వేలకు గానీ తెరుచుకోకపోతే, నష్టపోయేది ఆ కుర్రాడొక్కడే కాదు.