నాన్నగారి జ్ఞాపకార్థం ఒక నీహారిక



పోయిన నెల మా నాన్నగారి మొదటి సంవత్సరపు జ్ఞాపకార్థ కూడికలో, భోజనాలకు ముందు, మందిరం గోడమీద ప్రొజెక్టరుతో ఒక ఫొటో వేశాం. మూడు నిమిషాలు ఉంచి తీసేశాం. ఆ మూడు నిమిషాల గురించి నెల రోజులుగా మాటలు వస్తూనే ఉన్నాయి. కొన్ని మా ముందర, కొన్ని మా వెనక, ఇంకొన్ని వాట్సాప్‌లో. ఒక్కొక్కరికీ విడిగా జవాబు చెప్పుకునేకంటే ఇక్కడ ఒకసారి రాసేస్తే మేలనిపించింది. ఇందులో మేము అంటే అన్నదమ్ములిద్దరం: మీ సంఘకాపరిగా ఉన్న పెద్దవాడు, హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం చేస్తున్న చిన్నవాడు. రాసింది పెద్దవాడే అయినా చిన్నవాడు చదివి రెండుచోట్ల కొట్టేశాడు.

ఆ ఫొటో నాన్నగారిది కాదు. ఆకాశంలో ఉన్న ఒక మబ్బుది. మన మెట్టలో గొల్లకావిడి అంటామే, వరసగా మూడు చుక్కలు, దానికింద వేలాడినట్టు ఇంకో మూడు సన్న చుక్కలు కనిపిస్తాయి. ఆ కింది మూడింటిలో మధ్యది చుక్క కాదు. కళ్ళు చీకటికి అలవాటుపడ్డాక చూస్తే కొంచెం అలుక్కుపోయినట్టు ఉంటుంది. శాస్త్రజ్ఞులు దాన్ని ఓరియన్ నీహారిక అంటారు, మెస్సియే పట్టికలో 42వది. ఎక్కువభాగం హైడ్రోజన్ వాయువు, కొంత ధూళి. అందులో ఇప్పటికీ కొత్త నక్షత్రాలు పుడుతున్నాయి. దూరం ఇంచుమించు 1,300 కాంతి సంవత్సరాలు. అంటే మేము తీసిన వెలుగు అక్కడ బయలుదేరేనాటికి ఇక్కడ వేంగిలో తూర్పు చాళుక్యులు ఏలుతున్నారు.

నాన్నగారికి ఈ సంగతులేవీ తెలియవు. ఆయనకు తెలిసింది కావిడి. అప్పట్లో పొలాలకు కరెంటు ఎక్కువగా రాత్రిపూటే వచ్చేదని మీలో వ్యవసాయం చేసినవారికి చెప్పనక్కరలేదు. బోరు దగ్గర పట్టె మంచం వేసుకుని, కావిడి నడినెత్తికి వస్తే ఒక మడి మార్చేవాడు, పడమటికి వాలితే మోటారు కట్టే వేళ అని లేచేవాడు. గడియారం ఉంది. చూసేవాడు కాదు. మమ్మల్ని చాలాసార్లు రమ్మన్నాడు. పెద్దవాడు వేరే ఊళ్ళలో వాక్యం చెప్పడానికి పోయేవాడు, చిన్నవాడు చదువుకి పోయాడు. చిన్నప్పుడు ఒకటి రెండుసార్లు వెళ్ళి నిద్రపోయాం, అంతే.

ఇక వచ్చిన మాటల సంగతి.

ఒక పెద్దాయన, మేము గౌరవించే మనిషి, ఇంటికొచ్చి అడిగాడు: "అయ్యగారూ, చచ్చినవాళ్ళ పేరున చుక్కల్ని చూపించడం అన్యుల పద్ధతి కాదా?" ప్రశ్న తప్పు కాదు. సూర్యచంద్ర నక్షత్రాలకు మొక్కవద్దని ద్వితీయోపదేశకాండం 4వ అధ్యాయంలో గట్టి హెచ్చరిక ఉంది. మేము ఆ హెచ్చరికను కాదనం. అయితే యోబు గ్రంథం 9, 38 అధ్యాయాల్లోనూ ఆమోసు 5లోనూ మృగశీర్షము అని పేరుపెట్టి చెప్పింది ఈ చుక్కల గుంపునే. మొక్కడానికి చెప్పలేదు, చేసినవాణ్ణి గుర్తు చేయడానికి చెప్పారు. చూడడం వేరు, మొక్కడం వేరు. ఆకాశం వైపు చూడటానికే భయపడే విశ్వాసం మాకు రుచించదు. ఆరుద్ర కార్తెలో విత్తనం వేస్తూ, మృగశిర వానకు ఎదురుచూస్తూ బతికిన ఊళ్ళవాళ్ళం, చుక్కలు మనకు కొత్తా?

ఆ పెద్దాయన మాటలో మేము ఒప్పుకోవలసింది మాత్రం ఒకటుంది. కూడిక అయ్యాక సండేస్కూలు పిల్ల ఒకతె "తాతగారు చుక్క అయిపోయారా?" అని అడిగింది. అక్కడ మా తప్పు కనబడింది. ఆ ఫొటో ఏమిటో ముందే చెప్పి ఉండాల్సింది. నాన్నగారు చుక్క కాలేదు, ఆ మబ్బులో లేరు, ఆయన ప్రభువులో నిద్రించారు. మనవాళ్ళు పోయినప్పుడు పిల్లలకు తేలిగ్గా చెప్పడానికి "చుక్కయిపోయాడు" అంటుంటాం. అది అనకుండా ఉండడమే మంచిదని మా అభిప్రాయం. ఇంకోమాట కూడా ఇక్కడే: చుక్కకు మీవాళ్ళ పేరు పెడతాం, సర్టిఫికెట్ ఇస్తాం అని ఇంటర్నెట్‌లో డబ్బు అడిగేవాళ్ళు ఉన్నారు. నక్షత్రాల పేర్లను లెక్కలోకి తీసుకునేది అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య, అది పేర్లు అమ్మదు. ఆ కాగితానికి ఇచ్చే డబ్బు వృథా.

రెండో మాట డబ్బు గురించే. సమాధికి గ్రానైటు వేయించకుండా, ఫ్లెక్సీ కట్టకుండా, కెమెరాలకు తగలేశారని. కెమెరా కొనలేదు. పెళ్ళి ఫొటోలు తీసే కుర్రాడి దగ్గర పొడుగు లెన్సుతో సహా అద్దెకు తెచ్చాం. ఆరు రాత్రుల అద్దె, కంప్యూటరులో ఫొటోలు కలపడానికి ఉచితంగా దొరికే డీప్ స్కై స్టాకర్ అనే ప్రోగ్రాము, ప్రింటు ఖర్చు, అంతా కలిపినా బజారులో కట్టే రెండు పెద్ద ఫ్లెక్సీలంత కాలేదు. ఫ్లెక్సీ కట్టినవారిని మేము తప్పు పట్టడం లేదు. కానీ నిజం చెప్పుకుందాం. ఫ్లెక్సీలో పోయినవారి ముఖం ఒక్కటి ఉంటే చుట్టూ బతికున్నవాళ్ళ ముఖాలు ఇరవై ఉంటాయి. షాపుకు ఫోను చేస్తే సాయంత్రానికి వచ్చేస్తుంది. అందులో మన చెయ్యి తగిలేది తాళ్ళు కట్టేటప్పుడే.

ఫొటోకు ఏం చేశామో కొంచెం చెబుతాం. యువకులు కొందరు అడిగారు కూడా.

భూమి తిరుగుతుంది కాబట్టి ఆకాశం గంటకు పదిహేను డిగ్రీలు జరుగుతుంది. పొడుగు లెన్సు పెట్టి షట్టరు ఎక్కువసేపు తెరిచి ఉంచితే చుక్కలు గీతలవుతాయి. చుక్కల వెంట కెమెరాను తిప్పే యంత్రాలున్నాయి, మా దగ్గర లేదు. అందుకని ఒక్కొక్క సెకను చొప్పున తీశాం. ఒక సెకను ఫొటోలో దాదాపు ఏమీ ఉండదు, నల్లటి గుడ్డమీద ఉప్పు చల్లినట్టు గరుకుగా ఉంటుంది. అలాంటివి వందలు, వేలు తీసి ఒకదానిమీద ఒకటి పేర్చితే గరుకు తగ్గి అసలు వెలుగు నిలుస్తుంది. లెక్క ఏమిటంటే, 2,500 ఫొటోలు కలిపితే ఒక్క ఫొటోలో ఉన్న గరుకు యాభయ్యో వంతుకు తగ్గుతుంది. వంద కలిపితే పదో వంతుకే. మేము మంచివి 2,500 పోగు చేశాం. వెలుగు పట్టిన సమయం మొత్తం నలభై రెండు నిమిషాలు కూడా లేదు, పట్టిన రాత్రులు మాత్రం ఆరు.

జనవరి అమావాస్యకు అటూ ఇటూ కూర్చున్నాం. మొదటి రాత్రి లెన్సు మీద మంచు పట్టి అంతా పాలు పోసినట్టయింది. మేము గమనించేసరికి రెండు గంటలు పోయాయి. రెండో రాత్రి పక్క పొలంలో ఎవరో కొత్త ఎల్‌ఈడీ దీపం వేశారు. వెళ్ళి ఆపమని అడిగితే "ఏం తవ్వుతున్నారయ్యా?" అని అడిగారు. మూడో రాత్రి ముందురోజు తడిపిన మడిలో స్టాండు కాలు దిగిపోయింది. తర్వాత రాత్రుల్లో కుదిరింది. ఐదు నిమిషాలకొకసారి కెమెరాను మళ్ళీ గురిచూడాలి, ఒకరు టార్చి గుడ్డతో కప్పి పట్టుకోవాలి, ఒకరు చూడాలి. ఒంటరిగా చేసే పని కాదు, కనీసం మాకు చేతకాలేదు.

ఇక్కడ మీలో చాలామందికి తెలిసిన విషయమే ఒకటి చెప్పాలి. నాన్నగారు పోయిన నాలుగో నెల నుంచి మేమిద్దరం సరిగ్గా మాట్లాడుకోవడం లేదు. పొలం పంపకంలో బోరు ఎవరి వాటాలోకి రావాలన్నది తేలలేదు. సంఘంలో సమాధానం గురించి ప్రసంగించి ఇంటికొచ్చి తమ్ముడి ఫోను ఎత్తని ఆదివారాలున్నాయి. ఫొటో ఆలోచన చిన్నవాడిది. "నాన్న చూసినదాన్ని ఒకసారి సరిగ్గా చూద్దాం, నువ్వు వస్తే వస్తావు" అని మెసేజ్ పెట్టాడు. కెమెరా పెట్టడానికి ఊరి దీపాలు అడ్డురాని చోటు, కూర్చోవడానికి మంచం ఉన్న చోటు ఆ బోరు దగ్గరే. దేనికోసం మాటలు మానేశామో దాని పక్కనే ఆరు రాత్రులు కూర్చున్నాం. మొదటి రెండు రాత్రులు కెమెరా గురించి తప్ప ఏమీ మాట్లాడుకోలేదు. నాలుగో రాత్రి నాన్నగారి చివరి నెల గురించి మాట్లాడుకున్నాం. అక్కడ ఏం చెప్పుకున్నామో ఇక్కడ రాయం. చిన్నవాడు కొట్టేసిన రెండుచోట్లలో ఇది ఒకటి.

ఈ నీహారికను మొట్టమొదట ఫొటో తీసిన మనిషి సంగతి ఆ రోజుల్లోనే చదివాం. హెన్రీ డ్రేపర్ అనే అమెరికా వైద్యుడు, 1880 సెప్టెంబరు 30న, న్యూయార్క్ దగ్గర హడ్సన్ నది ఒడ్డునున్న తన వేధశాలలో 51 నిమిషాలు ప్లేటు తెరిచి ఉంచి తీశాడు. ఆయన తండ్రి జాన్ విలియం డ్రేపర్ 1840లోనే చంద్రుణ్ణి ఫొటో తీసినవాడు. (మతానికీ సైన్సుకూ పోరాటమని ఈ తండ్రే ఒక పెద్ద పుస్తకం రాశాడు. మా వంటి వృత్తివాళ్ళకు నచ్చే మనిషి కాదు. అయినా ఆయన తీసిన చంద్రుడు మన చంద్రుడే కదా.) 1882 జనవరిలో తండ్రి పోయాడు. అదే ఏడాది నవంబరులో కొడుకూ పోయాడు, 45 ఏళ్ళకే. భార్య మేరీ అన్నా ఆయనతోపాటు ఆ వేధశాలలో చేయి కలిపి పనిచేసిన మనిషి. ఆమె 1886లో హార్వర్డు వేధశాలకు డబ్బిచ్చి, భర్త జ్ఞాపకార్థంగా నక్షత్రాల వెలుగును విడదీసి ఫొటోలు తీసి పట్టిక వేసే పని మొదలుపెట్టించింది. 1918 నుంచి 1924 వరకు అచ్చయిన ఆ పట్టికలో 2,25,300 నక్షత్రాలున్నాయి. వాటిని వర్గాలుగా విడదీసింది ఆనీ జంప్ కానన్ అనే ఆమె. ఈనాటికీ ఖగోళ శాస్త్రజ్ఞులు నక్షత్రాన్ని ఆ పట్టిక నంబరుతో పిలుస్తారు. మా ఫొటో నడిమధ్య, నీహారికను వెలిగిస్తున్న పెద్ద నక్షత్రం నంబరు హెచ్‌డీ 37022. హెచ్‌డీ అంటే హెన్రీ డ్రేపరే. ఆమె భర్త సమాధి ఎలా కట్టిందో మాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

కాబట్టి మా అభిప్రాయం ఇది. జ్ఞాపకార్థం అంటూ ఏదైనా చేస్తే పోయినవారు ఇష్టంగా చూసినదాన్ని, చేసినదాన్ని పట్టుకోండి. మీ చేతులతో చేయండి, ఒక్కరే చేయలేని పని అయితే ఇంకా మంచిది. తల్లి వేసిన కరివేపాకు చెట్టు కావచ్చు, తండ్రి బాగుచేస్తూ వదిలేసిన నాగలి కావచ్చు. గ్రానైటు తర్వాతైనా వేయించుకోవచ్చు. ఒకటి మాత్రం దాచం: చనిపోయినాక ఆరు రాత్రులు ఇచ్చినవాళ్ళం, బతికుండగా పిలిచినప్పుడు ఒక్క రాత్రీ సరిగ్గా ఇవ్వలేదు. ఫొటో ఆ అప్పు తీర్చలేదు. తీర్చిందని ఎవరైనా మాతో అంటే మేము ఒప్పుకోం.

ఫొటో గొప్పగా కూడా రాలేదు. రెక్కలు చాచిన పక్షిలా గులాబీ రంగు బాగానే వచ్చింది గాని, మధ్యలో దగ్గరదగ్గరగా ఉండే నాలుగు నక్షత్రాలూ తెల్లగా కాలిపోయి ఒకటే మచ్చయ్యాయి. ఆ భాగానికి ఇంకా తక్కువ సమయంతో విడిగా తీయాలట. వచ్చే చలికాలం చూస్తాం. మామూలు కంటికి ఆ గులాబీ రంగు కనబడదని కూడా చెప్పాలి, బూడిదరంగు పొగలాగే కనబడుతుంది. ఎవరూ మోసపోయామని అనుకోవద్దు.

అమ్మ కూడికలో ఆ ఫొటోను చాలాసేపు చూసి, "ఇందులో మీ నాన్న ఎక్కడున్నాడ్రా?" అంది. లేడమ్మా అన్నాం. ఇంకేమీ అనలేదు. పోయిన వారం ఒక సాయంత్రం, చీకటి పడ్డాక, తనే చెప్పులేసుకుని టార్చి తీసుకుని పొలానికి బయలుదేరింది. నాన్నగారు పిలిచినప్పుడల్లా పాములకు భయపడి ఎన్నడూ రాత్రిపూట అటు రాలేదట. మంచం మీద కూర్చోబెట్టి కావిడి చూపించాం, కింద మూడు చుక్కలు చూపించాం, మధ్యది చూడమన్నాం. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూసింది.

"ఈ మచ్చేనా?" అంది. కాసేపు ఊరుకుని, "సరే గాని, బోరు సంగతి ఏం చేశారు?" అని అడిగింది.