అసలు గడియారం – నకలు గడియారం

'అసలు', 'నకలు' అనే రెండు మాటలూ అరబ్బీ భాషలో పుట్టి, ఉర్దూ వాకిట కొంతకాలం నిలిచి, తెలుగింట స్థిరపడినవి. అరబ్బీలో 'అస్ల్' అంటే వేరు. 'నక్ల్' అంటే ఒకచోటి నుండి మరొకచోటికి చేర్చడం. వేరున్నది అసలు, ఎత్తి తెచ్చి పెట్టినది నకలు. మాటలోనే ఇంత స్పష్టమైన భేదం ఉన్నా, వస్తువుల దగ్గరకు వచ్చేసరికి మన చూపు మసకబారుతున్నది. నేడు యువకుల ముంజేతులపై మెరుస్తున్న గడియారాలను చూసినప్పుడు ఈ విషయాన్ని గూర్చి నాలుగు మాటలు వ్రాయడం అవసరమనిపించింది.

మన పట్టణాల బజార్లలో ఇట్టి గడియారానికి 'ఫస్ట్ కాపీ' అని పేరు. కాపీలలో కూడ మొదటి తరగతి, రెండవ తరగతి అనే అంతస్తులు ఏర్పడడం ఒక విచిత్రం! స్విట్జర్లాండులో తయారయ్యే రోలెక్స్ సబ్‌మెరీనర్, రోలెక్స్ డేటోనా, ఒమేగా స్పీడ్‌మాస్టర్ గడియారాల వెల లక్షల రూపాయలలో ఉంటుంది. వాటి పేరు, ముద్ర, రూపు అన్నీ దించిన నకలు కొన్ని వేలకే దొరుకుతుంది. సబ్‌మెరీనర్ సముద్రంలో మునిగేవారి కొరకు పుట్టినది. తక్కిన రెండూ క్షణాలను లెక్కించే క్రోనోగ్రాఫులు. "చూసేవారికి తేడా తెలియనప్పుడు ఇక తేడా ఎక్కడున్నట్లు సార్?" అని విద్యార్థులు అడుగుతూంటారు. ఇది తేలికగా తీసివేయదగిన ప్రశ్న కాదు. అయితే దీనికి సమాధానం కావాలంటే గడియారాన్ని చేతిపై చూస్తే చాలదు; వెనుక మూత విప్పి చూడాలి.

తెలుగువారి 'గడియ'కూ, ఉర్దూవారి 'ఘడీ'కీ మూలం ఒక్కటే. అడుగున సన్నని రంధ్రమున్న గిన్నెను నీటిపై వదలితే, అది నిండి మునగడానికి పట్టే 24 నిమిషాల కాలమే గడియ. నాడు కాలాన్ని కొలిచినది నీరే. లోహచక్రాల గడియారం వచ్చిన తరువాత ఆ నీరే దానికి పరమశత్రువైనది. ఆ శత్రువును జయించడానికి జరిగిన కృషిలో 1926లో వచ్చిన రోలెక్స్ 'ఆయిస్టర్' ఒక మైలురాయి. మరుసటి సంవత్సరం మెర్సిడీస్ గ్లైట్జ్ అనే ఆంగ్లేయ యువతి దానిని మెడలో వేసుకొని ఇంగ్లీషు ఛానల్ చలినీటిలో పది గంటలకు పైగా ఈదింది. ఆనాటి ఈత పూర్తి కాలేదు గాని, మెడలోని గడియారం మాత్రం ఆగలేదు. 1953లో బ్లాంక్‌పాన్ సంస్థ తన గడియారానికి 'ఫిఫ్టీ ఫాథమ్స్' అని పేరు పెట్టింది. మన కొలతలో చెప్పాలంటే యాభై బారలు, అనగా దాదాపు 91 మీటర్ల లోతు. సబ్‌మెరీనర్ పుట్టుక కూడ ఆ సంవత్సరపుదే.

ఈ జాతి గడియారానికి అద్దం చుట్టూ ఒక తిరుగుడు అంచు ఉంటుంది. నీటిలో దిగేముందు దాని సున్నాను నిమిషాల ముల్లుకు ఎదురుగా నిలిపితే, ఎన్ని నిమిషాలు గడిచినదీ చూపుతో తెలిసిపోతుంది. ఈ అంచు ఎడమవైపునకే తిరుగుతుంది గాని కుడివైపునకు తిరగదు. ఎందువలన? నీటి అడుగున ఏ రాతికో తగిలి అంచు జరిగినా, గడచిన కాలం ఎక్కువగా కనబడుతుందే తప్ప తక్కువగా కనబడదు. మునిగినవాడు కొంచెం ముందుగా పైకి వస్తాడు. వీపున ఉన్న గాలి అయిపోయిన తరువాత రాడు. పొరపాటు జరిగినా అది ప్రాణాన్ని కాపాడే వైపునకే జరగాలన్న వివేకం ఆ చిన్న అంచులో ఇమిడి ఉన్నది.

ప్రతి 10 మీటర్ల లోతుకూ నీటి ఒత్తిడి ఒక వాతావరణపు ఒత్తిడి చొప్పున పెరుగుతుంది. 300 మీటర్ల లోతున ఒక్కొక్క చదరపు సెంటీమీటరుపై సుమారు 30 కిలోల బరువు పడుతుంది. కనుకనే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 6425 సంఖ్య గల ప్రమాణంలో కఠినమైన నిబంధనలు విధించింది. డైవింగ్ గడియారం కనీసం 100 మీటర్ల లోతుకు తగినదై ఉండాలి. చీకటిలో 25 సెంటీమీటర్ల దూరం నుండి కాలం కనబడాలి. అన్నిటికంటె ముఖ్యంగా, నూటికొకటి చొప్పున ఏరి చూడడం కాక, ప్రతి గడియారాన్నీ దానిపై వ్రాసిన లోతుకంటె నాలుగోవంతు ఎక్కువ ఒత్తిడిలో పరీక్షించాలి.

నకలు గడియారం డయలుపైన కూడ 300 మీటర్లని ఉంటుంది. ఆ అంకెను అచ్చువేయడానికి సిరా చాలు. నిజం చేయడానికి పరీక్ష కావాలి. బిగువైన రబ్బరు వాషర్లు, మరలు తిరిగిన మూత, సరిగా కూర్చుండే బొడిపె కావాలి. నేటి నకళ్ళలో కొన్నిటికి మంచి ఉక్కు, గీతలు పడని అద్దం కూడ ఉంటున్న మాట నిజమే. అందులో కొన్ని నీటిని తట్టుకోవచ్చు కూడ. కాని 'తట్టుకోవచ్చు' అనే మాటకూ 'తట్టుకొంటుంది' అనే మాటకూ నడుమ ఉన్నదే పరీక్ష. ఆ పరీక్ష చేసినవాడు లేడు. రేపు నీరు దిగితే అడగడానికి చిరునామా లేదు. దానిని నమ్మి సముద్రంలో దిగడం కుక్కతోక పట్టుకొని గోదావరి ఈదడమే. కుళాయి క్రింద చేతులు కడుక్కొనేటప్పుడు విప్పి జేబులో వేసుకోవలసిన 'సముద్ర గడియారాన్ని' ఏమనాలి?

ఇక క్రోనోగ్రాఫు సంగతి. గ్రీకు మూలాన్ని బట్టి ఈ మాటకు 'కాలాన్ని వ్రాసేది' అని అర్థం. 1821లో పారిస్ గుర్రపు పందెములలో నికొలా ర్యూసెక్ వాడిన యంత్రం నిజంగానే డయలుపై సిరా చుక్కతో కాలాన్ని గుర్తించేది. నేటి క్రోనోగ్రాఫులో ఒక మీట నొక్కితే సెకన్ల ముల్లు కదులుతుంది, మళ్ళీ నొక్కితే నిలుస్తుంది, రెండవ మీటతో సున్నాకు వస్తుంది. చిన్న డయళ్ళు నిమిషాలను, గంటలను లెక్కగడతాయి.

ఒమేగా స్పీడ్‌మాస్టర్ 1957లో వెలువడినది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా దీనిని 71 డిగ్రీల వేడిలో రెండు దినాలు, ఆపైన 93 డిగ్రీలలో అరగంట ఉంచింది, చలిలో పెట్టింది, గాలి లేని చోట ఉంచింది, కుదిపింది, భూమ్యాకర్షణకు 40 రెట్ల అదురుతో ఆరు దిక్కులలో కొట్టింది. ఆ పరీక్షలలో నిలిచిన తరువాతనే 1965 మార్చి 1న మానవసహిత యాత్రలకు తగినదని అంగీకరించింది. 1969 జూలైలో బజ్ ఆల్డ్రిన్ చేతిపై అది చంద్రునిపై దిగింది. 1970 ఏప్రిల్‌లో అపోలో 13 నౌకలో ఆక్సిజన్ ట్యాంకు పేలి, విద్యుత్తును పొదుపు చేయవలసివచ్చినప్పుడు, దారి సరిచేయడానికి ఇంజనును సరిగా 14 సెకన్లు మండించవలసివచ్చింది. ఆ 14 సెకన్లను జాక్ స్వైగర్ట్ తన చేతి గడియారం చూసి లెక్కించినాడు. ముగ్గురు మనుషులు క్షేమంగా భూమికి చేరినారు.

ఇప్పుడు నకలు క్రోనోగ్రాఫును చూడండి. చవకరకం వాటిలో చిన్న డయళ్ళు కేవలం అలంకారం. నిమిషాలను లెక్కించవలసిన ముల్లు వారాన్నో తేదీనో చూపుతుంది; మీట నొక్కితే కాలం లెక్క మొదలు కాదు, తేదీ మారుతుంది. మరికొంత ఖరీదైన నకళ్ళలో 'వాల్జు 7750' అనే స్విస్ యంత్రాన్ని అనుకరించిన యంత్రాలు వాడుతుంటారు. ఆ యంత్రంలో సెకన్ల చిన్న ముల్లు తొమ్మిది అంకె వైపున ఉంటుంది. డేటోనాలో ఆరు అంకె వైపున ఉండాలి. రూపం కలవడానికి అదనపు పళ్ళచక్రాలను ఇరికిస్తారు. రాపిడి పెరుగుతుంది, యంత్రం నీరసిస్తుంది, కొంతకాలానికి ఆగిపోతుంది. ముఖం కొరకు గుండెను పాడుచేయడమంటే ఇదే. మరమ్మతుకు తీసుకొనిపోతే, కంటికి భూతద్దం బిగించుకొని కూర్చున్న కారిగరు చేసేదేమున్నది? సరియైన విడిభాగాలు దొరకవు. పైన పటారం, లోన లొటారం!

దీనిపై ఒక బలమైన ఆక్షేపణ ఉన్నది. దానిని దాటవేయడం న్యాయం కాదు. "లక్షలు పోసి కొన్న గడియారం మాత్రం చెప్పేది ఆ కాలాన్నే కదా! ఆ వెలలో పనితనమెంత, పటాటోపమెంత?" అని అడుగవచ్చును. నిజమే. స్విస్ క్రోనోమీటరు పరీక్షలో 15 దినాలు పరిశీలించి, సగటున దినానికి 4 సెకన్ల ఆలస్యం నుండి 6 సెకన్ల తొందర వరకు అనుమతిస్తారు. అనగా నెలకు మూడు నిమిషాల వరకు తేడా రావచ్చును. సామాన్యమైన క్వార్ట్జ్ గడియారం నెలకు 15, 20 సెకన్లకు మించి తప్పదు. సముద్రంలో మునిగేవారు కూడ నేడు చేతి కంప్యూటర్లనే ప్రధానంగా నమ్ముతున్నారు. 2017లో నటుడు పాల్ న్యూమన్ ధరించిన డేటోనా న్యూయార్కు వేలంలో 1 కోటి 77 లక్షల డాలర్లకు పైగా పలికింది. అది గడియారపు వెల కాదు, కీర్తి వెల. కనుక లక్షల గడియారం కొనండని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కానేకాదు. అది లేనందువలన ఎవరి గౌరవమూ తగ్గదు.

కాని ఈ ఆక్షేపణ నకలును సమర్థించదు. నిజాయితీ గల చవక గడియారాన్ని సమర్థిస్తుంది. నకలుకు వ్యతిరేకపదం ఖరీదు కాదు, నిజం. 1961లో మన హెచ్.ఎం.టి. సంస్థ జపాను సిటిజన్ వారి సహకారంతో బెంగుళూరులో గడియారాల తయారీ ప్రారంభించింది. నేర్చుకొన్నది ఇతరుల వద్ద. వేసుకొన్నది సొంత పేరు. 2016లో ఆ గడియారాల సంస్థ మూతకు కేంద్రప్రభుత్వం నిర్ణయించే వరకు 'జనతా', 'పైలట్' వంటి పేర్లతో అవి దేశమంతటా చేతులపై తిరిగినవి. ఎన్నో తెలుగు కుటుంబాలలో ఉద్యోగం వచ్చిన కొడుకుకూ, కొత్త అల్లునికీ అది గౌరవ చిహ్నం. జపాను సీకో వారు 1965లో తమ తొలి డైవింగ్ గడియారాన్ని 150 మీటర్ల లోతుకు చేసినప్పుడు దానిపై స్విస్ పేరు వ్రాయలేదు. తమ పేరే వ్రాసినారు. 1969లో మొదటి క్వార్ట్జ్ చేతి గడియారాన్ని అమ్మినవారూ వారే. శిష్యుడు గురువును అనుకరించడం విద్య; గురువు సంతకాన్ని దించడం దొంగతనం. మొదటి దారిన నడచినవారు ఒకనాటికి గురువును మించుతారు. రెండవ దారిన నడచినవారు ఎంత నేర్పరులైనా పేరులేనివారుగానే మిగులుతారు. నకలు తయారుచేసే పనివానికి నైపుణ్యం లేకపోలేదు. ఆ నైపుణ్యానికి తన పేరు చెప్పుకొనే హక్కు లేకపోవడమే ఇందులోని విషాదం.

చట్టం కూడ ఈ విషయంలో మౌనంగా లేదు. 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం ప్రకారం దొంగముద్ర వేసిన సరకును అమ్మినా, అమ్మకానికి ఉంచుకొన్నా, ఆరు నెలల నుండి మూడేళ్ళ వరకు జైలు, 50 వేల నుండి 2 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చును. అయితే చట్టం అమ్మేవానిని పట్టుకొంటుంది. కొనేవానిని పట్టుకోవలసినది అతని మనస్సే. గిల్టు నగను గిల్టు నగ అని చెప్పి ధరించడంలో తప్పు లేదు. బంగారమని చెప్పి ధరిస్తేనే అబద్ధం. నకలు గడియారం ధరించినవాడు నోరు విప్పకుండానే ఎదురైన ప్రతివానితోనూ ఆ అబద్ధం ఆడుతూంటాడు.

ఈ న్యాయం గడియారాలకే పరిమితమా? నకలు గడియారం తన పనిపై ఇతరుని పేరు వేసుకొంటుంది. ఇతరుల ప్రాజెక్టు రిపోర్టును తన పేర అచ్చువేయించుకొనే విద్యార్థి, ఇతరుని పనిపై తన పేరు వేసుకొంటున్నాడు. రెంటిలోనూ పేరుకూ పనికీ సంబంధం తెగిపోతున్నది. పాలకవర్గం పెద్దలకు కూడ ఒక విన్నపం. మనం ఇచ్చే పట్టా కూడ ఒక డయలు వంటిదే. దానిపై మొదటి తరగతి అని ముద్రిస్తున్నాము. ముద్రించిన లోతుకు ఆ విద్యార్థిని మనం పరీక్షించినామా? గైడు పుస్తకాలతో ఉత్తీర్ణత శాతాన్ని పెంచడం తేలిక. ఉద్యోగమనే సముద్రంలో దిగిన మొదటినాడే నీరు లోనికి దిగుతుంది. పరీక్ష ఉన్నంతకే కాక, అంతకు నాలుగోవంతు ఎక్కువ బోధించి, ఎక్కువ పరీక్షించి పంపగలిగిన కళాశాలకే తన ముద్ర వేసే అర్హత ఉంటుంది. పేరున్న పెద్ద కళాశాలలతో పోల్చినప్పుడు మనవంటి చిన్న కళాశాలలకు ఈ బాధ్యత మరింత ఎక్కువ. మన ముద్రకు విలువ తెచ్చేది మన విద్యార్థులే.

విద్యార్థి మిత్రులారా! చేతికి గడియారం లేకపోతే లోపం లేదు. కాలం మీ కొరకు ఆగదు గాని మిమ్ములను అవమానించదు. ఉంటే, అది ఎంత చవకదైనా దాని పేరు దానిదై ఉండనివ్వండి. ఎవరైనా "ఇది అసలుదేనా?" అని అడిగినప్పుడు తడుముకోకుండా సమాధానం చెప్పగలగడం ఏ స్విస్ గడియారానికీ తీసిపోని సంపద. ఆ సమాధానం మీ గడియారానికే కాక మీ చదువుకు కూడ వర్తించునట్లు మీ విద్యాకాలం సాగవలెనని ఆకాంక్షిస్తున్నాను.