చదవలేని కాగితంపై సంతకం

రొమ్ముల పరిమాణం పెంచే ఆపరేషను గురించి ఒక సాహిత్య పత్రికలో రాయడమేమిటని కొందరు ముఖం చిట్లించవచ్చు. డబ్బున్నవాళ్ల సోకులు మనకెందుకు అనవచ్చు. వారికి రెండు మాటలు చెప్పాలి. ఒకటి, ఇది డబ్బున్నవాళ్లకే పరిమితమైన సంగతి కాదు. 2018 ఫిబ్రవరిలో తమిళనాడు ప్రభుత్వమే చెన్నై స్టాన్లీ ఆసుపత్రిలో రొమ్ము ఆపరేషన్లకు ఉచిత క్లినిక్కు తెరిచింది. క్యాన్సరుకు రొమ్ము పోగొట్టుకున్నవాళ్లూ, ఒకటి పెద్దదిగా ఒకటి చిన్నదిగా ఎదిగినవాళ్లూ, తమ రూపం తమకు నచ్చనివాళ్లూ, అందరూ ఈ ఆపరేషను కోరేవాళ్లలో ఉన్నారు. రెండు, నేను రాస్తున్నది అందం గురించి కాదు, సంతకం గురించి. ఆపరేషనుకు ముందు డాక్టరు ఎదుట కూర్చునే ఆ అరగంటలో ఏ భాషలో మాట్లాడారు, ఏ భాషలో ఉన్న కాగితం మీద సంతకం చేయించుకున్నారు అన్నదాని గురించి. భాషా అల్పసంఖ్యాకుల పత్రిక అది మాట్లాడకపోతే ఇంకేం మాట్లాడాలి?

ఆ అరగంటలో జరగవలసిందేమిటో ముందు చూద్దాం. డాక్టరు ప్రశ్నలు వేయాలి. పిల్లలు పుట్టారా, ఇంకా కనే ఉద్దేశం ఉందా, పాలిస్తున్నారా? తల్లికో అక్కకో పిన్నికో రొమ్ము క్యాన్సరు వచ్చిందా? బీపీ, షుగరు, ఉబ్బసం ఉన్నాయా? ఇదివరకెప్పుడైనా మత్తుమందు పడకపోవడం జరిగిందా? ఏయే మందులు మింగుతున్నారు? రక్తాన్ని పలచన చేసే ఆస్పిరిన్ మొదలు నాటువైద్యుడిచ్చిన పొడి దాకా అన్నీ చెప్పాలి. పొగాకు వాడితే గాయం సరిగా మానదు గనుక కొన్ని వారాల ముందే మానెయ్యాలి. తరవాత కొలతలు తీసుకుంటారు, ఫోటోలు తీస్తారు. ఆ ఫోటోలు ఎవరి దగ్గర ఉంటాయో అడిగే హక్కు ఆమెకుంది. రక్తపరీక్షలు, గర్భం లేదని తేల్చుకునే పరీక్ష, వయసునీ కుటుంబ చరిత్రనీ బట్టి మామోగ్రామో అల్ట్రాసౌండో రాస్తారు. మత్తు డాక్టరు విడిగా చూడాలి. అన్నం, పాలు ఎన్ని గంటల ముందు మానాలో (మామూలుగా ఆరు గంటలు), మంచినీళ్లు ఎప్పటిదాకా తాగవచ్చో విడమర్చి చెప్పాలి.

ఇది డాక్టరు అడిగేది. ఆమె అడగవలసింది అంతకన్నా ముఖ్యం. లోపల పెట్టే సంచిలో ఉండేది సిలికాన్ జెల్లా, ఉప్పునీరా? పై తొడుగు నునుపా, గరుకా? కండరం మీద పెడతారా, కింద పెడతారా? కోత రొమ్ము కింది మడతలోనా, చనుమొన చుట్టూనా, చంకలోనా? స్పర్శ పోతుందా? రేపు బిడ్డకు పాలివ్వగలనా? చుట్టూ ఏర్పడే పొర బిగుసుకుపోయి రొమ్ము గట్టిపడితే ఏం చేస్తారు? సంచి లోపలే చిరిగితే నాకెలా తెలుస్తుంది? ఈ చివరి ప్రశ్నకు జవాబు ఉలిక్కిపడేట్టు ఉంటుంది. సిలికాన్ సంచి చిరిగినా చాలాసార్లు పైకి ఏమీ తెలియదు. అందుకే 5, 6 ఏళ్లకు ఒకసారి, ఆపైన ప్రతి 2, 3 ఏళ్లకూ స్కానింగు చేయించుకోమని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ చెబుతోంది. ఇవి జీవితాంతం ఉండే వస్తువులు కావు. ఏదో ఒకనాడు మళ్లీ కత్తి కిందికి వెళ్లవలసి రావచ్చు. మొదటి ఆపరేషను ఖర్చు చెప్పి రెండోదాని ఊసెత్తని డాక్టరు సగమే చెప్పినట్టు.

భయపెట్టడానికి ఇవన్నీ రాయడం లేదు. ఈ వ్యాపారం చరిత్రే అలాంటిది. 1962లో అమెరికాలోని హ్యూస్టన్‌లో ఒక మహిళకు మొదటిసారి సిలికాన్ సంచులు పెట్టారు. ముప్పై ఏళ్లు వాడాక, 1992లో, భద్రతకు ఋజువులు చాలవని అక్కడి ప్రభుత్వం వాటి వాడకాన్ని చాలావరకు ఆపింది. 2006లోగాని మళ్లీ అనుమతించలేదు. పీఐపీ అనే ఫ్రెంచి కంపెనీ పరిశ్రమల్లో వాడే సిలికాన్ నింపి అమ్ముతోందని 2010లో బయటపడింది. 2013లో దాని స్థాపకుడికి జైలుశిక్ష పడింది. అరుదైన ఒక లింఫోమా క్యాన్సరుతో సంబంధం తేలినందువల్ల 2019 జూలైలో అలర్గాన్ కంపెనీ తన గరుకు తొడుగు సంచులను ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. 2021 అక్టోబరులో అమెరికా సంస్థ ఇంకో నియమం పెట్టింది. ప్రమాదాల జాబితాను రోగి ముందుంచి, చదివి, అంశం అంశం దగ్గరా ఆమె సంతకం చేసే వీలు కల్పించే డాక్టర్లకే ఈ సంచులు అమ్మాలని. అంటే ఇన్ని దెబ్బలు తిన్నాక వాళ్లు నేర్చుకున్న పాఠం ఒక్కటే: ఆమెకు తెలియాలి.

మరి మన ఆడపిల్లకు తెలిసేదెలా? హోసూరులోనో బరంపురంలోనో షోలాపురంలోనో పుట్టి పెరిగినామెకు ఇల్లు తెలుగు, వీధి తమిళమో ఒడియానో మరాఠీయో. ఆసుపత్రి కాగితం చాలాచోట్ల ఇంగ్లీషు. "తరతరాలుగా ఇక్కడే ఉన్నారు, ఇక్కడి భాష రాదా?" అని ఎదురడుగుతారు. ఎందుకు రాదు? బేరమాడే తమిళం వస్తుంది, కండక్టరుతో తగవు పడే ఒడియా వస్తుంది. కానీ రొమ్ములో ఉన్నది సలుపా, పోటా, మంటా, తీపా అని చెప్పుకునే భాష అమ్మ దగ్గర నేర్చినదే. ఆ నాలుగింటికీ నాలుగు అర్థాలున్నాయి. ఆ తేడా చెప్పలేకపోతే డాక్టరు "నొప్పి" అని ఒక్క మాట రాసుకుని ఊరుకుంటాడు. అదీగాక, కాగితం ఇంగ్లీషులో ఉన్నచోట పక్క కుర్చీలోని తమిళామె గతీ ఇదే. కాబట్టి మన కోరిక ఏ భాష మీదా దండయాత్ర కాదు. ఆమె కోసం కూడా అడుగుతున్నాం.

"ఇంటివాళ్లు వస్తారు కదా, వాళ్లు చెబుతారు" అన్నది ఇంకో వాదం. ఇదే అన్నిటికన్నా ప్రమాదకరం. మంచి డాక్టరు తప్పక వేసే ప్రశ్న ఒకటుంది: "ఇది మీ కోరికా, ఇంకెవరిదైనానా?" ఆ ప్రశ్నను తెలుగులోకి మార్చి చెప్పేది మొగుడే అయితే జవాబు ఏమొస్తుంది? పెళ్లికాని పిల్లను గర్భం సంగతి అడిగేటప్పుడు మేనమామ దుబాసీగా కూర్చుంటే నిజం చెబుతుందా?

చట్టం మన పక్షానే ఉంది. 2008 జనవరి 16న సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. పరీక్ష కోసమని మత్తిచ్చిన మహిళకు, ఆమె స్పృహలో లేనప్పుడు, తల్లి చేత ఒప్పించి గర్భసంచీ అండాశయాలూ తీసేశారు. అప్పటికప్పుడు ప్రాణం మీదికి వచ్చిన పరిస్థితి కాదు. మేజరైన మనిషి బదులు తల్లి ఒప్పుకుంటే చెల్లదని కోర్టు చెప్పింది. ఫీజు వదులుకుని 25,000 రూపాయల పరిహారం ఇవ్వాలని డాక్టరును ఆదేశించింది. చికిత్స ఏమిటో, ఎందుకో, ప్రమాదాలేమిటో, వేరే మార్గాలేమున్నాయో తెలిపిన మీదట ఇచ్చినదే అంగీకారమని వివరించింది. జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించగా 2019లో కేంద్ర ఆరోగ్యశాఖ రాష్ట్రాలకు పంపిన రోగుల హక్కుల పత్రం, రోగికి తెలిసిన భాషలో చెప్పాలని కూడా అంటోంది. ఆ పత్రం ఏ ఆసుపత్రి గోడ మీద తెలుగులో కనిపిస్తోంది?

ఇక మన ఇంటి సంగతి. మన ప్రబంధకవులు స్తనాలను కొండలతో పోల్చారు, కుండలతో పోల్చారు, జక్కవ పిట్టలతో పోల్చారు. వాటి మోతాదు మీద పేజీలు నింపారు. అదే తెలుగులో ఒక ఆడమనిషి "నా రొమ్ములో గడ్డ ఉంది" అనడానికి మాత్రం గొంతు పెగలదు. తంజావూరు ముద్దుపళని స్త్రీగా దేహం గురించి రాసినందుకు, "రాధికా సాంత్వనము"ను బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో అచ్చువేయించినందుకు ఆ పుస్తకం నిషేధానికి గురైంది. ఆ నిషేధం 1947లో తొలగింది. ముద్దుపళని మనలాగే బయటి తెలుగు మనిషి. పుస్తకం మీది నిషేధం పోయింది గాని నాలుక మీదిది ఇంకా పోలేదు. సిగ్గు పేరుతో మనమే దాన్ని కాపాడుతున్నాం.

కాబట్టి అడగవలసిన వాళ్లను అడుగుదాం. తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న ప్రతి పట్టణంలోనూ ఆసుపత్రి అంగీకార పత్రం తెలుగులో కూడా ఉండాలి. చుట్టం కాని దుబాసీ ఉండాలి. ఉగాదికి కవి సమ్మేళనం పెట్టే మన సంఘాలు, పైన రాసిన ప్రశ్నలను ఒక కాగితం మీద అచ్చువేసి ఇంటింటికీ పంచలేవా? దానికయ్యే ఖర్చు ఒక శాలువా ఖరీదు దాటదు. అక్కచెల్లెళ్లకు ఒక మనవి. ఆపరేషను చేయించుకోవడం, మానుకోవడం మీ ఇష్టం, అందులో ఎవరికీ జోక్యం లేదు. కాగితం మాత్రం ఇంటికి తెచ్చుకోండి. నమ్మినవారి చేత తెలుగులో చెప్పించుకోండి. సంచి కంపెనీ పేరు, నంబరు ఉన్న కార్డు అడిగి దాచుకోండి. "అదే రోజు సంతకం పెట్టాల్సిందే" అన్న డాక్టరు దగ్గర లేచి రండి.

తెలుగు బడి కావాలని మనం ఇన్నేళ్లుగా అడుగుతున్నాం, అడుగుతూనే ఉండాలి. ఆ బడిలో అక్షరాలు దిద్దిన చేతి చేత, తెలియని భాషలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టించుకుంటుంటే చూస్తూ ఊరుకోవడం మన పోరాటానికే తలవంపు.